జనం లేనప్పుడే వచ్చే 502

ఒరేయ్ శీనూ,

జవాబు రాయడం బాగా ఆలస్యమైంది, ఏమీ అనుకోకురా. ఇక్కడ అందరూ కులాసా. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, చిన్నది బళ్లో చేరింది, వానలు పట్టుకున్నాయి. మిగతా కబుర్లు ఫోన్‌లో. ఈ ఉత్తరం మొత్తం మీ ఫీజుల సైట్లో అప్పుడప్పుడు వస్తోందని నువ్వు రాసిన ‘502 బ్యాడ్ గేట్‌వే’ ఎర్రర్ గురించే. నువ్వు పంపిన ఎంజినెక్స్ యాక్సెస్ లాగ్, ఎర్రర్ లాగ్ చదివాక నీకు చెప్పేదాకా మనసు ఆగేట్టు లేదు.

ముందే ఒక మాట. మీ జావా యాప్‌ని నడిపే టామ్‌క్యాట్ పడిపోవడం లేదు. నీ కోడ్‌లో తప్పు లేదు. ర్యామ్ చాలకా కాదు. ముందు నిలబడి రిక్వెస్టులు అందుకుని లోపలికి పంపే ఎంజినెక్స్‌కీ టామ్‌క్యాట్‌కీ మధ్య రెండు గడియారాలు కుదరడం లేదు, అంతే. ఎందుకంత గట్టిగా చెబుతున్నానో చూడు.

లాగ్‌లో మొదట నా కన్ను పడింది టైము మీద. 502 వచ్చిన వరుసలన్నీ రాత్రి పొద్దుపోయాక, తెల్లారుజామున, లేదా మధ్యాహ్నం భోజనాల వేళ. ఫీజు ఆఖరు తేదీన జనం ఎగబడ్డ రోజు చూస్తే దాదాపు ఖాళీ. లోడ్ వల్లే అని మీ మేనేజర్ గారు అంటున్నారని రాశావు. లోడ్ వల్లయితే ఆ ఆఖరు తేదీనే కదరా రావాల్సింది! రెండోది, ఆ 502 వరుసల్లో ప్రతిదీ పోస్ట్ రిక్వెస్టే, అంటే ఫారం, ఫీజు లాంటివి పంపేది. పేజీ చూపించమని అడిగే గెట్ ఒక్కటీ లేదు. మూడోది, అన్నీ రెండు మూడు మిల్లీసెకన్లలో తేలిపోయాయి. ఎవరూ ఎవరి కోసమూ ఎదురుచూడలేదన్నమాట. ఇంక ఆ సందేశం సరేసరి, ‘అప్‌స్ట్రీమ్ ప్రిమెచ్యూర్లీ క్లోజ్డ్ కనెక్షన్ వైల్ రీడింగ్ రెస్పాన్స్ హెడర్’. అప్‌స్ట్రీమ్ అంటే ఎంజినెక్స్ వెనకున్న సర్వర్, ఇక్కడ టామ్‌క్యాట్; జవాబు రాకముందే అది కనెక్షన్ మూసేసిందని అర్థం. అక్కడక్కడ దానికి బదులు ‘104: కనెక్షన్ రీసెట్ బై పీర్’. ఈ నాలుగూ ఒకచోట కలిశాయంటే దాదాపు ఎప్పుడూ ఒకటే జబ్బు.

కథ ఇలా నడుస్తుంది. మొన్న స్పీడు కోసమని ఎంజినెక్స్‌లో అప్‌స్ట్రీమ్ బ్లాక్‌లో కీప్‌అలైవ్ 32 (ఖాళీ కనెక్షన్లు 32 దాకా మూయకుండా ఉంచుకోమని) అని పెట్టారు, ప్రాక్సీ హెచ్‌టీటీపీ వెర్షన్ 1.1 చేశారు, కనెక్షన్ హెడర్‌ని ఖాళీ చేశారు. మీ వెర్షన్‌లో ఈ మూడూ ఉంటేనే పాత కనెక్షన్ మళ్లీ వాడుకుంటుంది. మంచి పనే, తప్పు పట్టడం లేదు. అంతకుముందు ప్రతి రిక్వెస్టుకీ కొత్త కనెక్షన్ తెరిచి మూసేది కాబట్టి ఈ గొడవే లేదు. ఇప్పుడు పని అయిపోయిన కనెక్షన్‌ని ఎంజినెక్స్ అట్టే పెట్టుకుంటుంది. ఎంతసేపు? అప్‌స్ట్రీమ్ కీప్‌అలైవ్ టైమ్‌అవుట్ అని ఒకటుంది, 1.15.3 వెర్షన్ నుంచి. ఏమీ రాయకపోతే 60 సెకన్లు. మరి టామ్‌క్యాట్? దాంతో వచ్చే సర్వర్ డాట్ ఎక్స్‌ఎంఎల్ తెరిచి కనెక్టర్ చూడు, కనెక్షన్ టైమ్‌అవుట్ 20000 అని ఉంటుంది, మిల్లీసెకన్లలో. కీప్‌అలైవ్ టైమ్‌అవుట్ విడిగా రాయకపోతే అది కూడా ఈ 20 సెకన్లనే తీసుకుంటుంది. అంటే ఎంజినెక్స్ 60 దాకా బతికుందనుకునే కనెక్షన్‌ని టామ్‌క్యాట్ 20కే మూసేస్తోంది.

మూసేస్తే మాత్రం ఏమిటి, ఎంజినెక్స్‌కి తెలియదా అంటావు. తెలుస్తుంది. టామ్‌క్యాట్ ‘ఇక ముగిస్తున్నా’ అని ఫిన్ ప్యాకెట్ పంపుతుంది, అది అందగానే ఎంజినెక్స్ ఆ కనెక్షన్ తీసి పారేస్తుంది. నూటికి తొంభై తొమ్మిది సార్లు ఏ ఇబ్బందీ ఉండదు. ఆ ఫిన్ ఇంకా దారిలో ఉండగానే, సరిగ్గా అదే కనెక్షన్ మీద ఎంజినెక్స్ కొత్త రిక్వెస్టు పంపిందనుకో. కొట్టువాడు లోపల షట్టర్ తాడు లాగే క్షణంలో మనం గుమ్మంలో కాలు పెట్టినట్టు! మూసేసిన సాకెట్‌కి డేటా వచ్చిందని అవతలి కెర్నల్ ‘ఆ కనెక్షన్ లేదు’ అని రీసెట్ కొడుతుంది. టామ్‌క్యాట్ దాకా రిక్వెస్టు చేరనే లేదు కాబట్టి నీ యాప్ లాగ్‌లోనూ యాక్సెస్ లాగ్‌లోనూ ఒక్క అక్షరం ఉండదు. నువ్వు అన్ని రాత్రులు యాప్ లాగ్ వెతికావని చదివి ఎంత బాధేసిందో. అందులో దొరికేది ఏమీ లేదురా.

ఇప్పుడు ఆ వేళలు ఎందుకో అర్థమైంది కదా? జనం ఎగబడ్డప్పుడు ఏ కనెక్షనూ 20 సెకన్లు ఖాళీగా కూర్చోదు. రద్దీ పలచబడ్డప్పుడే గడువు దాకా వస్తుంది. మీవాళ్లు లోడ్ అనుకుని ఇంకో రెండు టామ్‌క్యాట్‌లు పెట్టారు చూడు, దాంతో అదే జనం మరిన్ని కనెక్షన్ల మీద పరుచుకున్నారు, ఒక్కోటీ ఇంకా ఎక్కువసేపు ఖాళీగా ఉంది, ఎర్రర్లు పెరిగాయి.  

పోస్ట్ సంగతి ఇంకా ముచ్చటైనది. గెట్‌కి కూడా ఇదే జరుగుతుంది. కానీ దాచిపెట్టుకున్న కనెక్షన్ తెగితే ఎంజినెక్స్ చప్పుడు చేయకుండా మరో కనెక్షన్ మీద మళ్లీ పంపేస్తుంది, వాడేవాడికి తెలియదు. పోస్ట్‌ని మాత్రం ఒకసారి పంపాక మళ్లీ పంపదు, 1.9.13 నుంచి అదే పద్ధతి. నమ్మకపోతే లాగ్ ఫార్మాట్‌లో అప్‌స్ట్రీమ్ స్టేటస్, అప్‌స్ట్రీమ్ కనెక్ట్ టైమ్, అప్‌స్ట్రీమ్ రెస్పాన్స్ టైమ్, రిక్వెస్ట్ టైమ్ నాలుగింట్లో లేనివి కలుపు. గెట్ వరుసల్లో అక్కడక్కడ ‘502, 200’ అని జంటగా కనిపిస్తుంది. మొదటిది తెగింది, రెండోది దక్కింది.

ఇక్కడ కాళ్లూ చేతులూ పట్టుకుని చెబుతున్నా, ఎప్పుడు మళ్లీ పంపాలో చెప్పే ప్రాక్సీ నెక్స్ట్ అప్‌స్ట్రీమ్ సెట్టింగ్‌లో నాన్ ఐడెంపొటెంట్ (పోస్ట్ లాంటివి కూడా మళ్లీ పంపమని) అని కలిపేస్తే 502 పోతుందని ఎవరైనా చెబితే వినకు. పోతుంది, నిజమే. కానీ టామ్‌క్యాట్ అందుకుని పని మొదలుపెట్టాక తెగిన పోస్ట్‌ని కూడా రెండోసారి పంపేస్తుంది. మీది ఫీజులు కట్టే సైటు. ఒక పిల్లాడి తండ్రి రెండుసార్లు ఫీజు కట్టినట్టవుతుంది. ఆ సైట్లో డబ్బు కట్టేవాళ్లు ఎలాంటివాళ్లో నీకు నేను చెప్పక్కర్లేదు.

రుజువు కావాలి కదా, మీ మేనేజర్ గారి ముందు పెట్టడానికి. నెట్‌వర్క్ ప్యాకెట్లు పట్టే టీసీపీడంప్‌తో టామ్‌క్యాట్ 8080 పోర్ట్ పట్టి ఫైల్లోకి రాయించు. రెండూ ఒకే మెషీన్ మీదుంటే లూప్‌బ్యాక్ ఇంటర్‌ఫేస్ మీద పట్టాలి, ఈథర్నెట్ మీద పడితే ఏమీ రాదు. ఆ ఫైల్ వైర్‌షార్క్‌లో తెరిచి రీసెట్ ఉన్న కనెక్షన్ ఒకటి ఎంచుకుని మొత్తం చూడు. చివరి జవాబు, తర్వాత 20 సెకన్ల నిశ్శబ్దం (కొంచెం అటూ ఇటూ), టామ్‌క్యాట్ వైపు నుంచి ఫిన్, దాన్ని రాసుకుంటూ ఎంజినెక్స్ వైపు నుంచి పోస్ట్, వెంటనే రీసెట్. ఆ ఐదు వరుసలు చాలు. చేత్తో పుట్టించాలంటే టెస్ట్ మెషీన్‌లో ఎంజినెక్స్ వర్కర్ ప్రాసెస్‌లు ఒకటికి తగ్గించు. కీప్‌అలైవ్ 32 అనేది ఒక్కో వర్కర్‌కి విడిగా, నాలుగు వర్కర్లుంటే నాలుగు గుంపులు, ఏది నీకు తగులుతుందో తెలియదు. తగ్గించాక కర్ల్ కమాండ్‌తో పోస్ట్ పంపి, 19.5 సెకన్ల నుంచి 21 దాకా కొద్దికొద్దిగా విరామం మారుస్తూ లూప్‌లో వదులు. ఎక్కడో ఒకచోట తగిలి తీరుతుంది.

మందు రెండు ముక్కలు. కనెక్షన్ తెరిచినవాడే ముందు మూయాలి, కాబట్టి లోపలికి వెళ్లేకొద్దీ గడువు పెరగాలి. టామ్‌క్యాట్ కనెక్టర్‌లో కీప్‌అలైవ్ టైమ్‌అవుట్ 75000 అని విడిగా రాయి, కనెక్షన్ టైమ్‌అవుట్ 20000ని ముట్టుకోకు, అది రిక్వెస్టు లైను పంపకుండా నానబెట్టేవాళ్ల కోసం. ఎంజినెక్స్ 60 అలాగే ఉండనీ. జాగ్రత్త, టామ్‌క్యాట్‌ది మిల్లీసెకన్లు, ఎంజినెక్స్‌ది సెకన్లు. టామ్‌క్యాట్‌లో 75 అని రాస్తే ఒక సెకనులో పదో వంతు కూడా ఆగకుండా మూసేస్తుంది, సైటు అంతా 502 మయం. టామ్‌క్యాట్‌ని తనలోనే పెట్టుకున్న స్ప్రింగ్ బూట్ యాప్ ఉంది చూడు, దానికి అప్లికేషన్ ప్రాపర్టీస్‌లో సర్వర్ టామ్‌క్యాట్ కీప్ అలైవ్ టైమ్‌అవుట్ 75s, వెర్షన్ 2.5 నుంచి ఉంది. అక్కడ ఏమీ రాయకపోతే టామ్‌క్యాట్ సొంత గడువు 60 వస్తుంది. ఎంజినెక్స్‌దీ 60, టామ్‌క్యాట్‌దీ 60, సరిసమానం. అదీ ప్రమాదమే, ఇద్దరూ ఒకే క్షణంలో మూయబోతారు.

థ్రెడ్లు అన్నీ అయిపోతాయేమో అని నీ భయం నాకు తెలుసు. ఒక్కో కనెక్షన్‌కి ఒక థ్రెడ్ పట్టుకునే పాత బీఐఓ కనెక్టర్‌లో ఆ బాధ ఉండేది, దాన్ని టామ్‌క్యాట్ 8.5లోనే తీసేశారు. ఇప్పుడున్న ఎన్ఐఓ కనెక్టర్‌లో ఖాళీ కనెక్షన్ థ్రెడ్‌ని పట్టుకోదు, పోలర్ చూసుకుంటుంది. మ్యాక్స్ థ్రెడ్స్ 200, మ్యాక్స్ కనెక్షన్స్ 8192. నాలుగు వర్కర్లకి 32 చొప్పున 128. హాయిగా ఉంటుంది. ఇంకోటి, వంద రిక్వెస్టులయ్యాక కూడా టామ్‌క్యాట్ మూస్తుంది, కానీ అప్పుడు జవాబులోనే కనెక్షన్ క్లోజ్ అని ముందే చెబుతుంది కాబట్టి గొడవ రాదు. చెప్పకుండా మూసేది టైమరే.

మీ ఏడబ్ల్యూఎస్ లోడ్ బ్యాలెన్సర్ సంగతి కూడా ఇదే సూత్రం. దాని ఐడిల్ టైమ్‌అవుట్ 60, ఎంజినెక్స్ బయటివైపు కీప్‌అలైవ్ టైమ్‌అవుట్ 75. అక్కడ వరుస సరిగ్గానే ఉంది. ఎవరైనా ‘సెక్యూరిటీ’ అని ఆ 75ని 15 చేస్తే ఇదే రోగం ఒక మెట్టు పైన మొదలవుతుంది.

అమ్మ భోజనానికి పిలుస్తోంది, మిగతావి గబగబా.

నీ రెండో లాగ్‌లో ఉన్నది వేరే జబ్బు. సరిగ్గా 60 సెకన్లకి 504 (వెనక నుంచి జవాబు టైముకి రాలేదని) అంటే ఎంజినెక్స్ ప్రాక్సీ రీడ్ టైమ్‌అవుట్ తగిలిందని. దాన్ని 300 చేయకు, వాడేవాడు 5 నిమిషాలు తెల్ల స్క్రీన్ చూస్తాడు, అంతే. జావా థ్రెడ్లు ఏం చేస్తున్నాయో చూపే జేస్టాక్ పది సెకన్ల ఎడంతో మూడుసార్లు తీసి, హెచ్‌టీటీపీ ఎన్ఐఓ 8080 ఎగ్జిక్ అన్న థ్రెడ్లు మూడింట్లోనూ ఒకేచోట నిలబడ్డాయేమో చూడు. హికారీ గెట్ కనెక్షన్ దగ్గరైతే డేటాబేస్ పూల్ అయిపోయింది, అందులో ఏమీ మార్చకపోతే పది కనెక్షన్లే ఉంటాయి. సాకెట్ రీడ్ దగ్గరైతే బయటి సర్వీస్ జవాబివ్వడం లేదు. హెచ్‌టీటీపీ యూఆర్ఎల్ కనెక్షన్‌కి టైమ్‌అవుట్ మనం పెట్టకపోతే అనంతం, జీవితాంతం ఆగుతుంది! కనెక్ట్, రీడ్ రెండూ పెట్టు.

‘111: కనెక్షన్ రిఫ్యూజ్డ్’ వరుసలో [::1] కనిపించింది. ప్రాక్సీ పాస్‌లో లోకల్‌హోస్ట్ అని రాశారు, అది రెండు అడ్రసులుగా విడిపోతుంది, ఐపీవీ6లో టామ్‌క్యాట్ వినడం లేదు. పైగా ఎంజినెక్స్ వాటిని రెండు సర్వర్లుగా లెక్కేస్తుంది, రెండూ ఒకసారి ఫెయిలైతే పది సెకన్లు ‘నో లైవ్ అప్‌స్ట్రీమ్స్’. 127.0.0.1 అని రాసేయ్. కొత్త రెడ్‌హ్యాట్ మెషీన్‌లో ‘13: పర్మిషన్ డినైడ్’ వస్తే, కర్ల్ పని చేసి ఎంజినెక్స్ చేయకపోతే, అది ఎస్‌ఈలైనక్స్, లైనక్స్ భద్రతా కాపలా. సెట్‌సెబూల్‌తో హెచ్‌టీటీపీడీ క్యాన్ నెట్‌వర్క్ కనెక్ట్ ఆన్ చేయి, పెద్ద పీ (-P) మర్చిపోతే రీబూట్‌కి మళ్లీ మొదటికి.

బ్యాంకు గేట్‌వేకి వెళ్లేటప్పుడు ప్రాక్సీ గురించి అడిగావు. షెల్‌లో హెచ్‌టీటీపీఎస్ ప్రాక్సీ అని ఎక్స్‌పోర్ట్ చేస్తే కర్ల్ వింటుంది, జావా తనంతట తాను వినదు. సెట్‌ఈఎన్‌వీ ఫైల్లో కాటలీనా ఆప్ట్స్‌లో హెచ్‌టీటీపీఎస్ డాట్ ప్రాక్సీహోస్ట్, ప్రాక్సీపోర్ట్ ఇవ్వాలి. మినహాయింపులకి మాత్రం హెచ్‌టీటీపీ డాట్ నాన్‌ప్రాక్సీహోస్ట్స్ ఒక్కటే, రెండింటికీ అదే. కామాలు కాదు, నిలువు గీతతో విడదీయాలి, కొటేషన్‌లో పెట్టాలి, లేకపోతే షెల్ దాన్ని పైప్ అనుకుంటుంది. యూజర్, పాస్‌వర్డ్ సరిగ్గానే ఉన్నా ‘అన్‌ఏబుల్ టు టనెల్ త్రూ ప్రాక్సీ’ అని 407 వస్తోందంటే, జావా 8యూ111 నుంచి హెచ్‌టీటీపీఎస్ టనెల్‌కి బేసిక్ పద్ధతి మూసేశారు. జేడీకే డాట్ హెచ్‌టీటీపీ డాట్ ఆథ్ డాట్ టనెలింగ్ డాట్ డిజేబుల్డ్‌స్కీమ్స్‌ని ఖాళీగా పెట్టి చూడు, కానీ ముందు మీ నెట్‌వర్క్ వాళ్లని అడిగి. అపాచీ హెచ్‌టీటీపీ క్లయింట్ వాడుతుంటే మాత్రం యూజ్ సిస్టమ్ ప్రాపర్టీస్ పిలవకపోతే ఇవేవీ…

అమ్మ మూడోసారి పిలిచింది, అన్నం చల్లారుతోందట. ఇవాళ రాత్రికే ఆ 75000 పెట్టించు, పెట్టాక రెండు రాత్రుల లాగ్ నాకు పంపు. వదినని, పిల్లల్ని అడిగానని చెప్పు.

నీ
రాజు