ముందు ఆ పార పక్కన పెట్టరా

కేటీ, టెక్సస్
ఫిబ్రవరి 2025

ఒరేయ్ శ్రీనూ,

నువ్వు పంపిన ఫోటోలు ఒకటికి రెండుసార్లు చూశాను. కడుపు తరుక్కుపోయిందిరా. అరటి ఆకులన్నీ వడలి వేలాడుతున్నాయి, మందారం నల్లబడిపోయింది, కరివేపాకుకి ఒక్క రెమ్మ లేదు. జనవరి 21న మీ న్యూ ఆర్లీన్స్ ఎయిర్‌పోర్టులో 8 అంగుళాల మంచు పడుతుందని ఎవరనుకుంటారు చెప్పు! కానీ ఫోటోల కింద నువ్వు రాసిన మాట చదివాకే నాకు అసలు టెన్షన్ పట్టుకుంది. ఈ వీకెండ్ అన్నీ వేళ్లతో సహా పీకేసి మళ్లీ మొదలుపెడతానన్నావు. వద్దురా బాబూ. పార, కత్తెర గరాజ్‌లో పడేసి ముందు ఈ ఉత్తరం పూర్తిగా చదువు.

ఆకు పోయినంత మాత్రాన చెట్టు పోయినట్టు కాదు. గడ్డకట్టే చలిలో కణాల మధ్య ఉన్న తడి ముందు మంచుగా మారుతుంది. అది కణాల్లోపలి నీటిని కూడా బయటికి లాగేస్తుంది, కణాల పొరలు చిట్లిపోతాయి. అందుకే చలి తగ్గగానే ఆకులు నీరుకారి నల్లబడతాయి. ముందు పోయేవి ఆకులు, తర్వాత లేత కొమ్మలు. నేల మాత్రం అంత త్వరగా చల్లారదు. పైగా మీ దొడ్లో పేరుకున్న ఆ మంచే నేలలోని వేడి బయటికి పోకుండా ఆపి ఉంటుంది. మంచు లేని ఒట్టి చలిగాలే వేళ్లకి ఎక్కువ ప్రమాదం.

2021 ఫిబ్రవరి నీకు గుర్తుండే ఉంటుంది. 16వ తేదీన మా పక్కనున్న హ్యూస్టన్ ఎయిర్‌పోర్టులో 13 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మైనస్ 10 సెల్సియస్ కంటే కిందికి పోయింది. కరెంటు లేక మేమే దుప్పట్లలో కూర్చున్నాం, ఇక మొక్కల్నేం చూస్తాం! మా కరివేపాకు నేల దాకా ఎండిపోయింది. మా వీధిలో కొంతమంది మార్చిలోనే తమ చెట్లు పీకి పారేశారు. మేం కదపలేదు. మే నెలలో మొదలు పక్కన మట్టి చీల్చుకుని పిలకలొచ్చాయి. ఆ ఏడు దసరా పులిహోరలోకి మా చెట్టు ఆకే వేసుకున్నాం.

కరివేపాకు విషయంలో ఇంకో చిక్కుంది. నారింజ, మారేడు, కరివేపాకు అన్నీ ఒకే కుటుంబం. నారింజ తోటల్ని నాశనం చేసే సిట్రస్ గ్రీనింగ్ తెగులును మోసే పురుగు కరివేపాకు మీద కూడా పెరుగుతుంది. అందుకని ఆ మొక్కని రాష్ట్రాలు దాటించడం మీద ఇక్కడ ప్రభుత్వ ఆంక్షలున్నాయి. నువ్వు పీకేశాక ఇంకోటి కావాలంటే టెక్సస్‌లోని కేటీ నుంచి మీ లూసియానాకి నేను పిలక తెచ్చి ఇవ్వలేను. ఉన్నదాన్నే బతికించుకోవాలి.

మార్చి మధ్య దాకా ఆగు. ఇంకోసారి గడ్డకట్టే చలి రావచ్చు. ఇప్పుడు కొమ్మలు కోస్తే రెండు వెచ్చటి రోజులకే చెట్టు చిగురేస్తుంది, ఆ చిగురు మళ్లీ చలికి మాడితే దాచుకున్న బలమంతా వృథా. చూడ్డానికి అసహ్యంగా ఉన్నా ఆ ఎండు ఆకులే లోపలి కొమ్మలకి కప్పు.

చేతులు ఊరుకోకపోతే ఒక పని చెయ్యి. మందారం కొమ్మని చివర పట్టుకుని గోరుతో బెరడు పైపొర గీరు. కింద తడిగా, పచ్చగా కనిపిస్తే ప్రాణం ఉన్నట్టే. గోధుమరంగులో పొడిగా ఉంటే కాస్త కిందికి వచ్చి మళ్లీ గీరు. పచ్చ ఎక్కడ తగిలిందో అక్కడ ఒక దారం కట్టి వదిలెయ్యి. రెండు వారాల తర్వాత చూస్తే ఎండు ఇంకా కిందికి దిగి ఉండొచ్చు, ఇప్పుడే కోయొద్దనడానికి అదీ ఒక కారణం. మల్లెకీ ఇదే పద్ధతి. మల్లె పైనంతా పోయినా మొదట్లోంచి లేస్తుంది, దాని గురించి నాకు బెంగ లేదు. మునక్కాడ గురించి అసలే లేదు, దాని వేరు దుంపలా ఊరి ఉంటుంది, మొదట్లో ఎండుటాకులు మందంగా పరిస్తే చాలు.

ఆగకూడనివి రెండున్నాయి. అరటి బోదె మెత్తబడి వాసనొస్తుంటే కుళ్లు కిందికి పాకుతుంది. పైనుంచి కొద్దికొద్దిగా ముక్కలు కోసుకుంటూ రా. పైముక్కల్లో పొరలన్నీ గోధుమరంగులో నీరోడుతుంటాయి. కొంచెం దిగాక నడిమధ్యన తెల్లగా, గట్టిగా కనిపిస్తుంది, అక్కడ ఆపెయ్యి. వెచ్చబడ్డాక ఆ మధ్యలోంచే చుట్ట చుట్టుకున్న కొత్త ఆకు పైకి తోసుకొస్తుంది. బోదె ఎంత ఎత్తు మిగిలితే గెల మీద అంత ఆశ. నేల దాకా పోయినా దుంప బతికుంటే పిలకలొస్తాయి, కాకపోతే ఈ ఏడు గెల మీద ఆశ వదులుకోవాలి. దేవగన్నేరు కొమ్మలు చివర్లో నల్లబడి మెత్తగా ఉంటే వాటినీ ఇప్పుడే, లోపల మచ్చ లేకుండా తెల్లగా కనిపించేదాకా కోసెయ్యి. ప్రతి కోతకీ కత్తి స్పిరిట్‌తో తుడువు.

మీ సత్సుమా నారింజకి ఆకులు రాలుతున్నాయని దిగులుపడ్డావు గానీ, అది మంచి సూచన. కొమ్మ బతికుంటేనే ఆకుని వదిలించుకోగలదు. ఎండిపోయి కూడా ఆకు కొమ్మనే పట్టుకుని వేలాడితే అప్పుడు భయపడాలి. వసంతంలో అంటు కట్టిన చోటుకి కింద నుంచి మారేడులా మూడేసి ఆకులతో ముళ్ల చిగురు వస్తే వెంటనే తుంచెయ్యి, అది వేరుమొక్కది, సత్సుమా కాదు. మామిడికీ అంతే, అంటుకి పైన చిగురిస్తేనే మన రకం. కానీ నీ మామిడి ఇంకా చిన్నది, దాని మీద నాకు పెద్దగా ఆశ లేదు.

ఎరువు ఇప్పుడేమీ వెయ్యకు, కొత్త ఆకులు విప్పుకున్నాక కొద్దిగా వెయ్యి చాలు. నీళ్లు కూడా మట్టిలో వేలు పెట్టి చూసి, పొడిగా ఉంటేనే పోయి. ఆకుల్లేని చెట్టు నీళ్లెక్కువ తాగదు, మరీ పోస్తే వేళ్లు కుళ్లుతాయి. కుండీల్లోవి మాత్రం ఒక్కొక్కటే మెల్లగా బయటికి లాగి చూడు, వాటికి చలి చుట్టూ పక్కల నుంచీ తగిలి ఉంటుంది. వేళ్లు తెల్లగా, గట్టిగా ఉంటే పర్వాలేదు.

ఆదివారం అరటి కోసేటప్పుడు వీడియో కాల్ చెయ్యి, ఎక్కడ ఆపాలో నేను చూసి చెప్తాను. చెల్లెమ్మని అడిగానని చెప్పు, ఆ మల్లె పాదుని ఎవర్నీ తొక్కనివ్వొద్దని కూడా చెప్పు.

నీ
మురళి