ఆర్టీసీలో సంతకం పెట్టేదెవరు?

సంపాదకులకు,

తెలంగాణ ఆర్టీసీలో సమ్మె నోటీసు అనగానే మా దేవరకొండ బస్టాండులో వినిపించే మొదటి మాట ‘వీళ్లకెంత ఇచ్చినా చాలదు’ అని. గొడవంతా జీతం దగ్గరే ఉంటే ఆ మాటను కొట్టిపారేయలేం. కానీ అసలు చిక్కు వేరు. కార్మికుల తరఫున మాట్లాడి, ఒప్పుకుని, సంతకం పెట్టే హక్కు ఎవరిదో తేలకపోవడమే అది.

డిగ్రీ పిల్లలకు పారిశ్రామిక సంబంధాలు చెప్పేటప్పుడు అమెరికన్ పండితుడు జాన్ డన్‌లప్‌తో మొదలుపెట్టేవాణ్ని. యాజమాన్యం, కార్మికులు, ప్రభుత్వం ముగ్గురూ కలిసి పని నియమాలు తయారు చేసుకుంటారని ఆయన 1958లో రాశాడు. ఆర్టీసీలో ఆ ముగ్గురిలో ఇద్దరు ఒక్కరే. ఎండీని వేసేది ప్రభుత్వం, రాజీ కుదర్చాల్సిన కార్మిక శాఖా ప్రభుత్వానిదే. 2023 డిసెంబర్ 9న ఆడవాళ్లకు ఉచిత బస్సు ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం మొదలయ్యాక ఆడవాళ్ల టికెట్ డబ్బు కట్టాల్సిందీ ప్రభుత్వమే. మా ఊరి బస్సు మల్లేపల్లి దాటేసరికి కాలు పెట్టే సందుండదు. కండక్టర్ మనుషుల మధ్య నుంచి చేయి చాపి, ఆధార్ చూసి, మిషన్‌లో జీరో టికెట్ కొడుతుంటాడు. ఆ జీరోలన్నీ కలిపితేనే ప్రభుత్వానికి వెళ్లే బిల్లు. యజమాని, పంచాయితీ పెద్ద, బాకీదారు ఒకరే అయిన చోట ఎదుటి పక్షం ఇంకా గట్టిగా ఉండాలి.

2015 మే సమ్మె ఎనిమిది రోజుల్లో 44 శాతం ఫిట్‌మెంట్‌తో (అంటే వేతన సవరణలో మూల వేతనంపై పెంపుతో) ముగిసింది. 2019 అక్టోబర్ 5న మొదలైనది 52 రోజులు నడిచింది. దాదాపు 48 వేల మందిని ‘సెల్ఫ్ డిస్మిస్’, అంటే తమంతట తామే ఉద్యోగం వదులుకున్నట్టు, అన్నారు. సుప్రీంకోర్టు మాజీ జడ్జీలతో కమిటీ వేద్దామని హైకోర్టు అంటే ప్రభుత్వం వద్దంది. చివరికి ఏ ఒప్పందమూ లేకుండానే కార్మికులు డ్యూటీ ఎక్కారు. డిసెంబర్ 1న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ వాళ్లను తన అధికార నివాసం ప్రగతి భవన్‌కు పిలిచి సమ్మె కాలం జీతం ఇస్తామన్నారు, రిటైర్మెంట్ వయసు 60కి పెంచుతామన్నారు. సంఘాల స్థానంలో డిపోల్లో వెల్ఫేర్ కమిటీలు వచ్చాయి. అంతకుముందు చర్చల బల్ల దగ్గర ససేమిరా అన్నవాళ్లే ఇంటికి పిలిచి ఇచ్చారు! డబ్బు లేదన్న మాట ఏమైనట్టు?

బ్రిటిష్ సామాజిక శాస్త్రవేత్త అలాన్ ఫాక్స్ 1966లో దీన్నే వివరించాడు. సంస్థ అంతా ఒకే కుటుంబం అనుకునే యాజమాన్యానికి సంఘం బయటినుంచి వచ్చి కాపురం చెడగొట్టేదానిలా కనిపిస్తుంది. కుటుంబం అన్నాక పెద్దాయన ఇచ్చినప్పుడు పుచ్చుకోవాలి, గడువు అడగకూడదు. 2017లో రావాల్సిన వేతన సవరణ 21 శాతం ఫిట్‌మెంట్‌తో 2024లో వచ్చింది. ఏడేళ్లు ఆగినా ఎందుకాగిందో జవాబు చెప్పాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

సంఘాలేమీ తక్కువ తినలేదు. ఒక జేఏసీ (సంఘాల ఉమ్మడి వేదిక) నోటీసిస్తే ఇంకొకరు మాకు సంబంధం లేదంటారు. 2025 మే 7 సమ్మెకు ముందూ ఇదే గందరగోళం, మంత్రితో మాట్లాడి వాయిదా వేసుకున్నారు. అయితే ఎవరి బలమెంతో తూచకుండా వదిలేస్తే ఈ చీలికలు పోవు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం కార్మికుల్లో కనీసం 51 శాతం సభ్యులుగా ఉన్న సంఘమే చర్చలకు ఏకైక ప్రతినిధి. అలాంటి సంఘం లేకుంటే 20 శాతానికి తగ్గకుండా సభ్యులున్న సంఘాలతో చర్చల మండలి వేయాలి. సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు తప్పనిసరి అన్న అదే కోడ్‌లో ఈ సంగతీ ఉంది. నోటీసు సంగతి కార్మికులకు గుర్తుచేసే అధికారులు ప్రతినిధి సంగతిని మరిచిపోకూడదు. డిపోల వారీగా రహస్య బ్యాలెట్ పెట్టి ప్రతినిధిని తేల్చాలి, ఆ తర్వాతే ప్రభుత్వంలో ఆర్టీసీ విలీనమైనా, కొత్త పే స్కేలైనా మాట్లాడాలి.

– రిటైర్డ్ కామర్స్ లెక్చరర్, దేవరకొండ, నల్లగొండ జిల్లా