అన్నీ ఒకే కథలా?

ఒరేయ్,

నీ ఉత్తరం చదివాను. "ఏ సినిమా చూసినా అదే కథ, డాక్యుమెంటరీ పెడితే నిద్రొస్తుంది" అని తేల్చి పారేశావు. నేనొప్పుకోను. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ఇరాన్ దర్శకుడు కియారొస్తమీ 1987లో "వేర్ ఈజ్ ద ఫ్రెండ్స్ హౌస్" అని ఒక సినిమా తీశాడు. ఒక పిల్లాడు పొరపాటున పక్కవాడి నోట్‌బుక్ ఇంటికి తెచ్చేస్తాడు. హోంవర్క్ మళ్ళీ అందులో రాయకపోతే బడినుంచి తీసేస్తానని మాస్టారు ఆ పక్కవాణ్ని అప్పటికే బెదిరించి ఉన్నాడు. ఇక వీడు నోట్‌బుక్ పట్టుకుని పక్క ఊరికి పరుగో పరుగు. ఇల్లెక్కడో తెలీదు, పెద్దవాళ్ళెవరూ వాడి మాట వినిపించుకోరు. కథ అంతే! కానీ ఆ టెన్షన్ ఉంది చూడు, ఏ బాంబు సీన్‌లోనూ నాకంత గుండె దడ రాలేదు.

ఇక నీకు నిద్ర తెప్పించే డాక్యుమెంటరీల మాట. 2019లో వచ్చిన "హనీల్యాండ్" చూడు. ఉత్తర మాసిడోనియాలో కరెంటు లేని ఒక పాడుపడ్డ ఊళ్ళో, మంచంపట్టిన తల్లితో ఉంటూ తేనె తీసుకునే ఆవిడ కథ. సగం తేనె తనకి, సగం తేనెటీగలకి. అది ఆవిడ పద్ధతి. పక్కనే ఇంకో కుటుంబం దిగుతుంది. వాళ్ళకి పిల్లలెక్కువ, అవసరాలెక్కువ. ఒక వ్యాపారి తొందరపెడితే ఉన్న తేనంతా తీసేస్తారు. తిండిలేక వాళ్ళ ఈగలు వెళ్ళి ఆవిడ ఈగల మీద పడతాయి. ఆ పక్కింటాయన్ని విలన్ అనలేం, అతని పిల్లల్ని కూడా చూస్తాం కదా. ఇదంతా ఎవరూ రాసింది కాదురా. మూడేళ్ళు కెమెరా పట్టుకుని కాచుకుంటే దొరికింది. ఆస్కార్‌కి డాక్యుమెంటరీగానూ, అంతర్జాతీయ చిత్రంగానూ రెండు విభాగాల్లో నామినేట్ అయింది.

అమెరికన్ దర్శకుడు ఎరల్ మారిస్ తీసిన "ద థిన్ బ్లూ లైన్" ఇంకో రకం డాక్యుమెంటరీ. చెయ్యని హత్యకి జైల్లో ఉన్న మనిషి కేసు గురించి తీసింది. 1988లో ఆ సినిమా వచ్చిన మరుసటేడే అతను విడుదలయ్యాడు.

కథా సినిమా, డాక్యుమెంటరీ రెండూ కలిసినదే కావాలంటే, మళ్ళీ కియారొస్తమీదే, "క్లోజప్". 1990. ఒక పేదవాడు తానే ఫలానా పెద్ద దర్శకుణ్నని చెప్పుకుని ఒక ఇంట్లో నమ్మిస్తాడు, చివరికి అరెస్టవుతాడు. నిజంగా జరిగిందే. ఆ పేదవాడూ, మోసపోయిన కుటుంబమూ, అందరూ తమ పాత్రలు తామే వేశారు. చివర్లో ఆ అసలు దర్శకుడు వచ్చి వాణ్ని మోటార్‌సైకిల్ వెనక ఎక్కించుకుని, పూలు కొనుక్కుని ఆ ఇంటికే తీసుకెళ్తాడు. దారిలో వాళ్ళ మాటలు సగం సగమే వినిపిస్తాయి. నాకైతే అక్కడ కన్నీళ్ళాగలేదు.

ముందు ఇదే చూడు. చూశాక ఆ మనిషి మీద నీకు కోపమొచ్చిందో జాలేసిందో రాయి. ఫోన్‌లో ముక్తసరిగా చెప్పేస్తే ఊరుకోను.

నీ
స్నేహితుడు