బడి కమిటీ ఎన్నికల గురించి జిల్లా విద్యాశాఖాధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

పాఠశాల యాజమాన్య కమిటీ ఎన్నిక తేదీ ఖరారు చేసేముందు పొలం పనులు ఏ దశలో ఉన్నాయో చూడండి. నాట్ల రోజుల్లో పొద్దున్నే సమావేశం పెడితే కూలికెళ్లే తల్లులు రాలేరు. కోరం, అంటే సమావేశం చెల్లడానికి కావలసిన కనీస హాజరు, ఉండదు. ఆనక మినిట్స్ పుస్తకమే ఇంటింటికీ తిరిగి సంతకాలు తెచ్చుకుంటుంది! సాయంత్రం ఆరింటికి పెట్టించండి.

విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది స్త్రీలు కావాలి. కాగితం మీద ఉంటారు. అసలు చిక్కు చేతులెత్తి ఓటేసే దగ్గర. ఆసామి పోటీలో ఉంటే, ఆయన చేలో పనిచేసే మనిషి అందరి ముందూ అవతలి వాళ్లకు చెయ్యెత్తుతాడా? రహస్య ఓటుకు తెల్లకాగితం చీటీలు, మూతకు చీలిక పెట్టిన అట్టపెట్టె, తల్లిదండ్రుల తరగతివారీ జాబితా చాలు.

గెలిచినవాళ్లకు మొదటి సమావేశంలోనే గ్రాంటు ఖర్చుల రిజిస్టరు చూపించాలి. బడులకు నిధులిచ్చే సమగ్ర శిక్ష పథకం నిబంధనల్లో 31 నుంచి 100 మంది పిల్లలున్న బడికి ఏటా 25,000 రూపాయలు. అందులో కనీసం పదో వంతు పారిశుద్ధ్యానికే.

ఇక అదే చట్టం 22వ సెక్షన్ కమిటీని అడిగే బడి అభివృద్ధి ప్రణాళిక. మరుగుదొడ్డి తలుపుకు గడియ లేదని ఆడపిల్ల తల్లికి తెలుసు. ప్రణాళికలో మాత్రం పోయినేటి వాక్యాలే. ముసాయిదాను వారం రోజులు నోటీసు బోర్డు మీద ఉంచేలా ఉత్తర్వులివ్వండి.

ఇట్లు,
సర్కారు బడి పిల్లల తల్లిదండ్రులు