కొత్త నాటకానికి రెండో ప్రదర్శన ఎవరిస్తారు?

సంపాదకుల వారికి,

నమస్కారం. నాటకరంగం గురించి ఎవరు రాసినా ఎక్కడో ఒకచోట ‘కొత్త నాటకాలు రావడం లేదు’ అన్న మాట తగులుతుంది. మీ పత్రికలో కూడా ఈ మధ్య ఆ మాట చదివాను. చాలా ఏళ్లుగా ఓ చిన్న నాటక సమాజంలో వింగ్ చాటున కూర్చుని, నటులు డైలాగు మరిచిపోతే అందిస్తూ ప్రాంప్టింగ్ చెప్పే మనిషిని. రిహార్సల్‌కి రావలసిన వాళ్లలో సగం మంది ఆలస్యంగా వస్తారు కాబట్టి స్క్రిప్టులు చదవడానికి నాకు బోలెడంత టైము దొరుకుతుంది. నేను చూసినంతలో కొత్త నాటకాలకు కరువేం లేదు. ఒక్కసారి ఆడి, ఇక ఎవరికీ కనిపించకుండా పోతున్నాయి, అదీ గొడవ.

తొలి ప్రదర్శన అంటే అందరికీ మోజే. పోస్టర్ మీద ‘మొట్టమొదటిసారి’ అని వేసుకోవచ్చు. విలేకరులు వస్తారు, విమర్శకులు వస్తారు, సాయం చేసే సంస్థలు కూడా కొత్తదనగానే ముందుకొస్తాయి. అదే నాటకాన్ని రెండోసారి వేసేవాళ్లను పలకరించే నాథుడు ఉండడు. నిజానికి రచయితకు రెండో ప్రదర్శనే ముఖ్యం. ఏ డైలాగు పండింది, ఏ సీను దగ్గర జనం కుర్చీల్లో కదిలారు అన్నది మొదటిసారి తెలుస్తుంది. దాన్ని సరిచేసి చూసుకునే అవకాశం రెండోసారే వస్తుంది.

ఈ జబ్బుకు అమెరికాలో ఒక మందు కనిపెట్టారు. 1998లో మొదలైన నేషనల్ న్యూ ప్లే నెట్‌వర్క్ అనే థియేటర్ల కూటమి ఒకే కొత్త నాటకాన్ని పన్నెండు నెలల్లోపు కనీసం మూడు చోట్ల వేయిస్తుంది. ప్రతిచోటా నటులు వేరు, దర్శకుడు వేరు. ఒక్కో చోట చూసుకుంటూ రచయిత స్క్రిప్టు దిద్దుకుంటూ పోవచ్చు. ‘తొలి ప్రదర్శన’ అన్న గొప్ప అందరికీ సమానంగా దక్కుతుంది. ఇందులో నాకు నచ్చిన తెలివి అదే. వాళ్లే 2015లో న్యూ ప్లే ఎక్స్‌ఛేంజ్ అని ఆన్‌లైన్‌లో ఒక స్క్రిప్టుల భాండాగారం తెరిచారు. రచయితలు తమ నాటకాలు అందులో పెడతారు, చందా కట్టినవాళ్లు చదువుకుంటారు. పాత్రలెన్ని, నిడివి ఎంత అని వెతుక్కోవచ్చు కూడా.

పాత్రల లెక్క చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, నాటకం ఎంచుకునే మీటింగుల్లో సగం కొట్లాట దాని దగ్గరే. మా సమాజంలో ఎనిమిది మంది ఆడవాళ్లం, ముగ్గురు మగవాళ్లు. పేరున్న పాత నాటకం ఏది తీసినా తొమ్మిది మగ పాత్రలు, రెండు ఆడ పాత్రలు. ఆ రెండింట్లో ఒకామె పని తలుపు తీసి పక్కకు తప్పుకోవడం. మీసాలు అంటించుకుని ఎన్నాళ్లు నెట్టుకొస్తాం? ఈ అవస్థ కనిపెట్టి ఇప్పటి రచయితలు ఒకే సెట్టుతో, తక్కువ మందితో నడిచే నాటకాలు రాస్తున్నారు. స్త్రీ అయినా పురుషుడైనా చేయదగ్గ పాత్రలు పెడుతున్నారు. ఆరుగురైనా పదహారుగురైనా పంచుకుని ఆడగలిగే నాటకాలూ ఉన్నాయి. మా మీటింగుల్లో వీటి పేరెత్తేవాళ్లు లేరు. మొదట ఎవరైనా చదివి ఉంటే కదా!

సంగీత నాటకం సంగతికొస్తే కష్టం మూడింతలు. కథ, సంభాషణలు ఒకరివి, పాటలు ఒకరివి, బాణీలు మరొకరివి. ముగ్గురి తరఫునా కలిపి అనుమతిచ్చే సంస్థ ఒకటి ఉంటుంది. విడిగా పాట పాడుకోవడానికి ఇచ్చే అనుమతి రంగస్థలం మీద కథతో కలిపి ఆడడానికి పనికిరాదు. స్వరలిపి పుస్తకాలు చాలాసార్లు అద్దెకే ఇస్తారు, మన పెన్సిల్ గీతలన్నీ చెరిపి తిరిగి పంపాలి. (చెరపడం ఎప్పుడూ ప్రాంప్టర్ నెత్తినే పడుతుంది.) మంచి మార్పులూ వచ్చాయి. వాద్యబృందం లేనివాళ్లకు రికార్డు చేసిన ట్రాకులు దొరుకుతున్నాయి. పిల్లల కోసం గంట నిడివికి కుదించి, లేత గొంతులకు తగ్గట్టు శ్రుతి మార్చిన రూపాలూ ఉన్నాయి.

రెండేళ్ల కిందట మాకే ఒక దెబ్బ తగిలింది. ఓ కొత్త సంగీత నాటకానికి అనుమతి కోసం దరఖాస్తు పెట్టాం. ‘ఫరవాలేదు, వస్తుంది’ అని ఫోన్లో చెప్పారు. ఆరు వారాలు రిహార్సల్స్ చేశాక కుదరదని ఉత్తరం వచ్చింది. అదే నాటకాన్ని ఓ వృత్తి బృందం చుట్టుపక్కల ఆడబోతోందట, అందాకా ఔత్సాహికులకు ఇవ్వరట. కాగితం చేతికి రాకముందే మొదలెట్టడం మా తప్పే, ఒప్పుకుంటాను. కానీ ఆ సంగతి దరఖాస్తు రోజునే చెప్పి ఉండొచ్చు కదా! పాటలన్నీ నోటికొచ్చేసిన పిల్లకు ఏం చెప్పాలో నాకు తోచలేదు.

ఇంత జరిగినా అనుమతులు, రుసుములు ఎత్తేయమని అడగను. అవి ఊరికే రాలేదు. ఫ్రాన్స్‌లో 1777లో బోమార్షే తోటి నాటక రచయితలను కూడగట్టింది, నాటకశాల వసూళ్లలో తమ వాటాకు సరైన లెక్క చెప్పడం లేదనే. ఇంగ్లండ్ జంట గిల్బర్ట్, సలివాన్‌ల సంగీత నాటకాన్ని అమెరికాలో ఎన్నో బృందాలు పైసా ఇవ్వకుండా ఆడుకున్నాయి. అక్కడి చట్టం అప్పట్లో విదేశీ రచనలకు రక్షణ ఇచ్చేది కాదు. దాంతో వాళ్లిద్దరూ ఓడెక్కి వెళ్లి, తర్వాతి నాటకాన్ని 1879 డిసెంబర్ 31న న్యూయార్క్‌లోనే తెర ఎత్తించారు. ఒకరి రచనల హక్కులను మరొకరు కాపాడేందుకు దేశాల మధ్య బెర్న్ ఒప్పందం కుదరడానికి ఇంకా ఏడేళ్లు పట్టింది.

‘రుసుము లేని పాత నాటకమే నయం’ అనేవాళ్లకు ఒక మాట. రచయిత పోయాక కనీసం 50 ఏళ్లు హక్కులుంటాయని ఆ ఒప్పందం చెబుతోంది. చాలా దేశాల్లో అది 70 ఏళ్లు. రెండు వేల ఏళ్ల నాటి గ్రీకు నాటకానికి అనుమతి అక్కర్లేకపోవచ్చు గానీ, మన చేతిలో ఉన్న అనువాదం మొన్న మొన్నటిదైతే అనువాదకుణ్ణి అడగాల్సిందే. ఈ సంగతి తెలియక ఇరుక్కున్న సమాజాలు నాకు తెలుసు. అడగకుండా చివరి సీను కత్తిరించేవాళ్లు, మొత్తం నాటకాన్ని వీడియో తీసి నెట్‌లో పెట్టేసేవాళ్లు మాలోనే ఉన్నారు. చిత్రీకరణకు విడిగా అనుమతి కావాలంటే విడ్డూరంగా చూస్తారు.

హక్కులు చూసే సంస్థలను నేను అడిగేది ఒకటే. నాటకం మొత్తం చదవనివ్వండి. పది పన్నెండు పేజీలు చూపించి మిగతాది కొనుక్కోమంటే, మూడో అంకంలో గుర్రం వస్తుందో వాన కురుస్తుందో మాకెలా తెలుస్తుంది? రుసుము కూడా కుర్చీల లెక్కన తీసుకుంటే న్యాయం. కొందరు ఇప్పటికే అలా తీసుకుంటున్నారు. ఎనభై మంది పట్టే హాలుకూ ఎనిమిది వందల మంది పట్టే హాలుకూ ఒకే రేటంటే చిన్న సమాజాలు దండం పెట్టి పాత పుస్తకాల బీరువా వైపే నడుస్తాయి.

ఇక మిమ్మల్ని అడిగేది. సినిమా విడుదలైన రోజే సమీక్ష వేస్తారు, వచ్చిన నవల గురించి రాస్తారు. అచ్చయిన నాటకం గురించి, అదీ ఆడబోయేవాళ్లకు పనికొచ్చేలా, నాలుగు ముక్కలు ఎక్కడా కనబడవు. నెలకోసారి ఒక పావు పేజీ ఇవ్వండి చాలు. స్త్రీ పాత్రలెన్ని, పురుష పాత్రలెన్ని, ఎన్ని నిమిషాలు, సెట్లెన్ని, పాటలుంటే వాయించేవాళ్లు ఎందరు కావాలి, ట్రాకు ఉందా, అనుమతి ఎవరినడగాలి అన్నవి రాయండి. బాగుందో లేదో ఒక్క వాక్యం, అదీ స్టేజీ మీద నిలబడిన వాళ్లెవరి చేతనైనా రాయించండి. ఇప్పటికే ఒకసారి ఆడిన నాటకాలను ఇందులోంచి తీసేయకండి, అసలు ఈ ఉత్తరం వాటి కోసమే.

మీరు సరేనంటే మొదటి నెలకు నేనే రాసి పంపుతాను. ఏడుగురు ఆడవాళ్లు, ఒక్క గది, గంటన్నర. ఇంతవరకు ఒక్కసారే ఆడారు. ఈసారి అనుమతి కాగితం చేతికొచ్చాకే మేం రిహార్సల్స్ మొదలుపెట్టాం.

ఇట్లు,
ఒక ప్రాంప్టర్