మన ఊరి ఛానెల్ మూతపడలేదు: అందరికీ కృతజ్ఞతలు

నిన్న రాత్రి పదకొండు దాటాక టౌన్ హాల్లో ఓటింగ్ జరిగింది. టౌన్ బోర్డు ఐదుగురిలో మూడో చెయ్యి లేచేదాకా ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను. తర్వాత నాలుగో చెయ్యి కూడా లేచింది. మన ఊరి కమ్యూనిటీ టీవీకి ఇంకో మూడేళ్లు కాంట్రాక్టు ఇచ్చారు. ఇంటికొచ్చి బూట్లు కూడా విప్పకుండా సోఫాలో పడిపోయాను. తెల్లారి లేచి ఇది రాస్తున్నాను. కళ్లు మండుతున్నాయి, తప్పులుంటే మన్నించండి. ఇప్పుడు రాయకపోతే మళ్లీ పనుల్లో పడిపోతాను, ఈ బాకీ అలాగే ఉండిపోతుంది.

ఈమధ్యే మన ఊరికి వచ్చినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. మసాచుసెట్స్‌లో చాలా ఊళ్లకి కేబుల్‌లో సొంత ఛానెల్ ఉంటుంది. ఊళ్లో ఉండే ఎవరైనా వెళ్లి కెమెరా పట్టుకోవడం నేర్చుకుని, స్టూడియో వాడుకుని తమ ప్రోగ్రామ్ తాము చేసుకోవచ్చు. మన తెలుగు ప్రోగ్రామ్ ఎనిమిదేళ్లుగా అక్కడే తయారవుతోంది. టౌన్ మీటింగులు, స్కూల్ కమిటీ మీటింగులు, థాంక్స్‌గివింగ్ రోజు హైస్కూల్ ఫుట్‌బాల్, పిల్లల గ్రాడ్యుయేషన్, ఇవన్నీ చూపించేదీ వాళ్లే. జీతం తీసుకునేది ఇద్దరు. మిగతా అందరం వాలంటీర్లమే. నేను ప్రోగ్రామ్ చేసుకోవడానికని వెళ్లి స్టేషన్ బోర్డులో చేరాను. కిందటేడు ప్రెసిడెంట్ వేరే రాష్ట్రానికి మారిపోతే ఆ కుర్చీ నా నెత్తిన పడింది.

అక్టోబరులో టౌన్ నుంచి ఉత్తరం వచ్చింది. కేబుల్ కంపెనీ ఊరికి కట్టే డబ్బులు తగ్గిపోతున్నాయి, జూలై 1న మొదలయ్యే కొత్త ఆర్థిక సంవత్సరానికి కాంట్రాక్టు పొడిగించే ఉద్దేశం లేదు అని. ఒక్క పేజీ. ఆ పేజీ పట్టుకుని ఎక్కడికి వెళ్లాలో, ఎవర్ని అడగాలో నాకు తెలియలేదు.

అప్పుడే ఊళ్లో పదిమందికీ తెలిసిన పెద్దలు ఏడుగురు సలహా సంఘంగా కూర్చున్నారు. ముందుగా వాళ్లకి నమస్కారం. రిటైరైన ప్రిన్సిపాల్ గారు మొదటి మీటింగులోనే నా కాగితాలు పక్కన పెట్టేశారు. "ఈ అంకెలు ఎవరికీ ఎక్కవు. జూలై 1 తర్వాత ఈ ఊళ్లో ఎవరికి ఏం కనిపించకుండా పోతుందో అది చెప్పు" అన్నారు. ఆ ఒక్క మాటతో మా ప్రచారం మొత్తం మారిపోయింది. సీనియర్ సెంటర్ నడిపే ఆవిడ బుధవారం భోజనాలకి రమ్మన్నారు. వెళ్తే, మెట్లు ఎక్కలేక మూడేళ్లుగా టౌన్ హాల్ మొహం చూడనివాళ్లు కూడా మొన్నటి బడ్జెట్ మీటింగులో ఎవరు ఏమన్నారో నాకు అప్పజెప్పారు! చర్చి పాస్టర్ గారు మాత్రం పక్క ఊరి స్టేషన్‌లో కలిసిపొమ్మన్నారు. నేను గట్టిగానే వాదించాను, గొంతు పెంచాను కూడా. చివరికి ఆయన చెప్పినదాంట్లో సగం మంచిదే అయింది. ప్రోగ్రాములు ప్రసారం చేసే సర్వర్ ఇప్పుడు రెండు ఊళ్లకీ ఒక్కటే, ఖర్చు చెరిసగం. పాస్టర్ గారూ, ఆరోజు నేను మాట్లాడిన తీరుకి క్షమించండి.

ఇప్పుడు అసలు మనిషి దగ్గరికి వస్తాను. పేరు రాయొద్దన్నారు, రాయను.

జనవరిలో జరిగిన బహిరంగ విచారణ మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. "చేతిలో యూట్యూబ్ ఉండగా ఇంకా ఈ టీవీ ఎందుకు?" అని ఒకాయన లేచి అడిగారు. హాల్లో సగం మంది తలూపారు. నాకు నోట మాట రాలేదు. ఇంగ్లీషు కూడా మర్చిపోయినట్టయింది. బయటికొచ్చి కారులో కూర్చుని, హీటర్ వేసుకుని, స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చాను. అద్దాల నిండా మంచు గడ్డకట్టి ఉంది కాబట్టి ఎవరికీ కనపడనులే అనుకున్నాను.

కాసేపటికి బయట గరగరా చప్పుడు. ఎవరో నా కారు ముందు అద్దం మీద మంచు గీకుతున్నారు. గీకినకొద్దీ మొదట ఒక చేతి తొడుగు, తర్వాత ఒక ఉన్ని టోపీ, తర్వాత డెబ్బై దాటిన ఒక ముఖం కనిపించాయి. ముందు అద్దం అయ్యాక పక్క అద్దాలు, ఆ తర్వాత వెనక అద్దం. అన్నీ అయ్యాకే వచ్చి కిటికీ మీద మెల్లగా తట్టారు. నేను ఏడుస్తున్నానని తెలిసినా ఆ ఊసే ఎత్తలేదు. "కేబుల్ కంపెనీతో టౌన్ చేసుకున్న లైసెన్స్ కాపీ నీ దగ్గర ఉందా? చివర్లో అనుబంధాలు ఉంటాయి, అవి కూడా కావాలి" అని మాత్రం అడిగారు.

ముప్పై నాలుగేళ్లు కేబుల్ లైన్‌మన్‌గా స్తంభాలెక్కిన మనిషి. కుడిచేతి చూపుడువేలు సరిగ్గా వంగదు. శనివారం పొద్దున్న పది గంటలకి మా ఇంటికి వచ్చారు, చేతిలో ఒక చెక్క స్కేలు. మా వంటగది బల్ల దగ్గర కూర్చుని, ఒక్కో లైను కింద ఆ స్కేలు పెట్టి, అది పూర్తయ్యాక కిందికి జరుపుతూ చదివారు. అరుగుదలకి ఆ స్కేలు మీద అంకెలు సగం చెరిగిపోయి ఉన్నాయి. జహీరాబాద్ నుంచి వచ్చిన మా అమ్మ ఆయన ముందు ఉప్మా పెట్టింది. అమ్మకి ఇంగ్లీషు రాదు, ఆయనకి తెలుగు రాదు. ఆయన ప్లేటు ఖాళీ చేసి చెయ్యి గుండెల మీద పెట్టుకున్నారు. అమ్మ ఇంకో గరిటె వేసింది. అలా మూడు శనివారాలు.

నేను లైసెన్స్‌ని పది సార్లు తిరగేసి ఉంటాను. అర్థమైంది తక్కువ. ఆయన ఒక్క ముక్కలో చెప్పారు: "ఇది అద్దె. మీ వీధులు, మీ స్తంభాలు. వాటి మీద కంపెనీ తీగ వేసుకుంది కాబట్టి కడుతోంది. ఇది దానం కాదు. నువ్వు దానం అడుగుతున్నట్టు మాట్లాడుతున్నావు, అందుకే ఓడిపోతున్నావు."

మూడో శనివారం మధ్యాహ్నం స్కేలు ఒకచోట ఆగిపోయింది. అనుబంధంలో ఒక పేరా. పరికరాల కోసం కంపెనీ విడతలవారీగా ఇవ్వాల్సిన డబ్బు అది. ప్రతి ఏడూ టౌన్ రాతపూర్వకంగా అడిగితేనే ఇస్తారట. రెండేళ్లుగా టౌన్ నుంచి ఎవరూ ఉత్తరం రాయలేదు. ఒక్క ఉత్తరం! డబ్బు లేదని ఛానెల్ మూసేయబోతున్నారు, అడగాల్సిన డబ్బేమో అడగలేదు. ఎవర్నీ వేలెత్తి చూపడానికి ఇది రాయడం లేదు. కానీ ఇద్దరి ఉద్యోగాలు, ఇన్నేళ్ల పని, అన్నీ పోయేవి కదా. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆయన ఇంట్లో కేబుల్ లేదు, ఎప్పుడో తీయించేశారు. మన ఛానెల్ చూసి కూడా ఏళ్లయిందట. మరి మాకోసం ఎందుకింత కష్టపడుతున్నారని ఆరోజు అడిగేశాను. ఆయన స్కేలు కోటు జేబులో పెట్టుకుంటూ చెప్పారు. ఎనభైల్లో ఈ ఊళ్లో మొదటిసారి కేబుల్ లాగినప్పుడు జనం పెరట్లోకి రానిచ్చేవాళ్లు కాదట, చెట్లు పాడవుతాయని. "మీ ఊరికి సొంత ఛానెల్ వస్తుంది, మీ పిల్లలు అందులో కనిపిస్తారు" అని చెప్పి ఒప్పించమని కంపెనీవాళ్లు నేర్పించారట. "ప్రతి గుమ్మం ముందూ నిలబడి ఆ మాట చెప్పింది నేను" అన్నారు. అంతే. ఆ వీధుల్లో కొన్ని ఇళ్లలో ఇప్పటికీ అవే కుటుంబాలు ఉన్నాయట.

కంపెనీ చెప్పమన్న మాట. కంపెనీ ఎప్పుడో మర్చిపోయిన మాట. జీతానికి పనిచేసిన మనిషి దాన్ని ఇన్నేళ్లు తన మాటగా మోశారు. నాకు ఏడుపు ఆగలేదు. ఈసారి దాచుకోవాలని కూడా అనిపించలేదు. అమ్మకి ఏమీ అర్థం కాక నా వీపు నిమురుతూ నిలబడింది.

నిన్న రాత్రి ఆయన మైకు ముందుకొచ్చారు. జీవితంలో మొదటిసారట. కాగితం చేతిలో వణికింది. పట్టుమని రెండు నిమిషాలు కూడా మాట్లాడలేదు. ఆ పేరా నంబరు చెప్పి, చదివి, "ఈ ఊరు అడగడం మర్చిపోయింది, ఇప్పుడు అడగండి" అని వెళ్లి కూర్చున్నారు. యూట్యూబ్ ప్రశ్నకి ఈసారి నేనూ జవాబు చెప్పగలిగాను. వీడియో ఎవరైనా పెట్టుకోవచ్చు. కానీ మంగళవారం రాత్రి పదకొండింటిదాకా టౌన్ హాల్లో కెమెరా పట్టుకుని నిలబడేది ఎవరు? డెబ్బై ఏళ్ల మనిషికి మైకు పెట్టుకోవడం నేర్పేది ఎవరు? మా జహీరాబాద్ దగ్గర దళిత మహిళలు నడిపే సంఘం రేడియో గురించి కూడా చెప్పాను. 2008లో లైసెన్స్ వచ్చేముందు వాళ్లు పదేళ్లపాటు క్యాసెట్లలో రికార్డు చేసి సంఘం మీటింగుల్లో వినిపించుకున్నారు. పొలం పనులు చేసుకునే జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ ఆ స్టేషన్‌ని నిలబెట్టారు. ఆ పేర్లు మన టౌన్ హాల్ మైకులో పలుకుతుంటే నాకు ఒళ్లు జలదరించింది.

ఇంత గెలిచినా ఒక మాట చెప్పక తప్పదు. ఈ గండం మళ్లీ వస్తుంది. 1984 నాటి చట్టం ప్రకారం కేబుల్ టీవీ ఆదాయం మీద 5 శాతం వరకే ఊళ్లు తీసుకోవచ్చు. జనం టీవీ ప్యాకేజీ మానేసి అదే తీగ మీద ఇంటర్నెట్ తీసుకుంటే ఆ ఇంటర్నెట్ బిల్లు ఈ 5 శాతంలోకి రాదు. తీగ అదే, స్తంభం అదే, వీధి అదే. అద్దె మాత్రం ఏటేటా తగ్గిపోతుంది. 2019లో వాషింగ్టన్‌లోని ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ (FCC) ఇచ్చిన ఉత్తర్వుతో, కంపెనీలు ఊరికి డబ్బు రూపంలో కాకుండా ఇచ్చేవాటిలో కొన్నిటికి కూడా విలువ కట్టి ఆ 5 శాతంలోనే లెక్కించుకునే వీలు కలిగింది. సినిమాలు, సీరియళ్లు ఇంటింటికీ పంపి డబ్బు చేసుకుంటున్న స్ట్రీమింగ్ కంపెనీలు ఈ లెక్కలోనే లేవు. వాటినుంచి కూడా కొంత తీసుకుని ఊరి ఛానెళ్లకి ఇవ్వాలని మన రాష్ట్ర శాసనసభలో బిల్లులు పెట్టారు. దయచేసి మీ ప్రతినిధికి ఒక్క ఫోన్ చేయండి. ఉత్తరం రాయనందుకు ఏమైందో చూశాం కదా.

ఇంట్లోవాళ్ల సంగతి వేరే చెప్పక్కర్లేదు. మా ఆయన, పిల్లలు, అమ్మ అంతా చూసుకున్నారు.

మన తెలుగువాళ్లలో సంతకాల కోసం ఆష్‌లాండ్ లక్ష్మీ గుడి బయట చలిలో నాతోపాటు నిలబడిన నలుగురు చెల్లెళ్లకి, టౌన్ బోర్డుకి ఈమెయిల్ రాసిన ప్రతి ఒక్కరికీ చేతులెత్తి నమస్కారం. అమ్మానాన్నల వీసా గడువు దగ్గరపడుతున్నా టౌన్ హాల్‌కి తీసుకొచ్చి కూర్చోబెట్టినవాళ్లు ఉన్నారు. భాష రాకపోయినా మూడు గంటలు కదలకుండా కూర్చున్న ఆ పెద్దవాళ్లకి పాదాభివందనం.

అయ్యో, లైబ్రేరియన్ గారిని మర్చిపోయాను! స్టేషన్ పాత క్యాసెట్లన్నీ లైబ్రరీ బేస్‌మెంట్‌లో భద్రంగా పెట్టింది ఆవిడే. 1971లో న్యూయార్క్‌లో, ఇలాంటి ఊరి ఛానెళ్లకి బాట వేసిన జార్జ్ స్టోనీ, రెడ్ బర్న్స్ మామూలు జనం చేతికి వీడియో కెమెరాలిచ్చిన రోజుల గురించి నాచేత చదివించిందీ ఆవిడే.

హైస్కూల్ పిల్లలు ఇద్దరు నిన్న రాత్రి కెమెరా దగ్గర ఉన్నారు, పొద్దున పరీక్ష పెట్టుకుని కూడా. వాళ్లని ఇంటికి దింపిన తండ్రి గారికి కూడా థాంక్స్. సమోసాలు పంపిన అక్కకి, ఫొటోకాపీలు డబ్బు తీసుకోకుండా చేసిచ్చిన షాపు అతనికి. ఇంకా ఎవరైనా మిగిలిపోతే నా మతిమరుపే కానీ మనసులో లేక కాదు.

టౌన్ హాల్ కస్టోడియన్. ఆయన డ్యూటీ పదింటికే అయిపోతుంది. హీటర్ ఆపకుండా, లైట్లు ఆర్పకుండా, వెనక తలుపు దగ్గర కుర్చీ వేసుకుని మా అందరికోసం పదకొండున్నరదాకా కూర్చున్నారు. వెళ్లేటప్పుడు కనీసం ఆయన పేరు కూడా అడగలేదు నేను. ఈ సాయంత్రం వెళ్లి అడుగుతాను.