రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము గారికి ఒక వార్డు సభ్యురాలి లేఖ

గౌరవనీయులైన రాష్ట్రపతి గారికి నమస్కారం.

1997లో మీరు ఒడిశాలోని రాయ్‌రంగ్‌పూర్‌లో కౌన్సిలర్. 2022 జులై 25న రాష్ట్రపతి. మధ్యలో ఎమ్మెల్యే, మంత్రి, జార్ఖండ్ గవర్నర్. నాకు మాత్రం ఆ మొదటి మెట్టే ఎక్కువ దగ్గర. నేనూ ఏజెన్సీలో ఓ చిన్న పంచాయతీకి వార్డు సభ్యురాలిని.

మొన్న గ్రామసభలో తీర్మానాల పుస్తకం నా ముందుకు జరిపి, "ఇక్కడ సంతకం పెట్టమ్మా" అన్నారు. పేజీ ఖాళీగా ఉంది. రాశాకే పెడతానన్నాను. చాలా టెన్షన్ పడ్డాను, పెన్ను పట్టుకున్న చెయ్యి వణికింది. సాయంత్రానికల్లా మా ఆయనకి ఫోన్: "మీ ఆవిడకి కాస్త చెప్పు."

2017లో ఆదివాసీ భూమి చట్టాల సవరణ బిల్లులను గవర్నర్‌గా మీరు వెనక్కి పంపారు. అవి పంపింది మీరు ఎదిగిన పార్టీ ప్రభుత్వమే. గ్రామసభ రోజు ఖాళీ పేజీ ముందు నాకు గుర్తొచ్చింది అదే.

అమ్మా, రాజ్యాంగం ఐదో షెడ్యూల్ కిందికి వచ్చే మాలాంటి ఆదివాసీ ప్రాంతాల పాలనపై గవర్నర్లు ఏటా మీకు నివేదిక పంపాలి. ఈ ప్రాంతాల పంచాయతీల కోసం చేసిన పెసా చట్టం 1996లోనే గ్రామసభకు అధికారాలిచ్చింది. మా తీర్మానాల కింద సంతకాలు ఎలా పడుతున్నాయో ఆ నివేదికల్లో రాయమని అడగండి. మీరు అడిగితే రాస్తారు.

ఇట్లు,
ఒక వార్డు సభ్యురాలు